పులికాట్ ఒడ్డున తప్పుగా చెప్పిన మాట

ఈ ప్రయాణం నా పట్టుదల వల్ల మొదలైంది. నేను చిత్తూరులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఏడాది పొడవునా సెలవులు దాచుకుని, ప్రతి జనవరిలో మా చర్చికి వచ్చే ఫిలిప్పీన్స్ బృందానికి రెండు వారాలు దుబాసీగా ఉంటాను. ఇలా ఆరేళ్లయింది. వాళ్లు ఐదుగురు వస్తారు. చుట్టుపక్కల పల్లెల్లో వైద్య శిబిరాలు పెట్టి పళ్లు చూస్తారు, రక్తం పరీక్షిస్తారు, పుండ్లకు కట్లు కడతారు. వాళ్ల మాట జనానికి, జనం మాట వాళ్లకు చేర్చడం నా పని. ఆ రెండు వారాల మధ్యలో ఒక్క శని, ఆదివారాలే వాళ్లకు విశ్రాంతి. ఎక్కడికి వెళ్లాలో ఎప్పుడూ నేనే నిర్ణయించేదాన్ని. ఐదేళ్లూ హార్స్‌లీ కొండకే తీసుకెళ్లాను. ఈసారి పులికాట్ సరస్సు చూపించాలని డిసెంబరు నుంచే దారులు, సమయాలు, పక్షుల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను.

బృందానికి పెద్ద టెస్సీ. అరవై మూడేళ్ల మనిషి, నర్సుగా చేసి రిటైరైంది. మిగతా నలుగురూ ఆమెను ‘అతే’ అని పిలుస్తారు. వాళ్ల భాషలో అక్క అని అర్థం. ఆమె వాక్యం పూర్తి చేసేలోపే నేను తెలుగులో అందుకునేంతగా మాకు ఒకరి మాట ఒకరికి అలవాటైపోయింది. ‘ఈమె నా నోరు’ అని అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి చెప్పేది. ఆ ఒక్క మాట నాకు ఏడాదంతా సరిపోయేది.

ఈ ఏడాది చర్చి అతిథి గృహంలో వంటకు కొత్త మనిషి వచ్చింది. పేరు మునెమ్మ, ఊరు వడమాలపేట, నాకంటే ఐదారేళ్లు పెద్ద. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మొదటిరోజే ‘అతే’ అన్న పిలుపు విని, “మీ అందురికీ అత్తనా ఈమె? అట్లయితే నాకూ అత్తే” అంది. ఆ మాట టెస్సీకి వివరించింది నేనే. ఆమె కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. రెండో రోజు మునెమ్మ మునగాకు తాలింపు చేసి, వేయించిన శనక్కాయల పొడి, వెల్లుల్లి వేసి పెట్టింది. వాళ్ల దేశంలో ప్రతి కంచెకూ మునగచెట్టు ఉంటుందట, కానీ పిల్లలు ఆ ఆకు ముట్టరట. ఆ తాలింపు మాత్రం ముగ్గురు కుర్ర నర్సులూ మూడేసి సార్లు పెట్టించుకున్నారు. నాలుగో రోజు నుంచి టెస్సీ శిబిరం నుంచి రాగానే నాతో కూర్చుని మరుసటి రోజు పని మాట్లాడటం మానేసి వంటింట్లోకి వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడ వాళ్లకు నా అవసరం లేదు. చేతులతో, గరిటెతో, ముఖాలతో మాట్లాడుకునేవారు. నేను హాల్లో మందుల జాబితా ముందు పెట్టుకుని, లోపలి నుంచి వచ్చే నవ్వులు వింటూ కూర్చునేదాన్ని.

శుక్రవారం సాయంత్రం టెస్సీ నాతో, “రేపు మునెమ్మను కూడా తీసుకెళ్దాం. ఆమెకూ సెలవు కావాలి కదా” అంది. అలాగే అన్నాను. గదికి వెళ్లి నోటుపుస్తకం తెరిచి చూస్తే, నేను వేసుకున్న ఆ రెండు రోజులూ నావి కావనిపించింది.

శనివారం ఉదయం ఐదు గంటలకు చిత్తూరులో బయలుదేరాం. పన్నెండు సీట్ల వ్యాను, రెండు రోజులకు మాట్లాడుకున్నాం. మేం వెళ్లినప్పుడు కిలోమీటరుకు ఇరవై రెండు రూపాయలు, డ్రైవరు బత్తా వేరే. డ్రైవరు చెంగల్రాయుడు యాభై ఏళ్లు దాటిన నెమ్మదస్తుడు, ప్రతి ఏడూ మాకు బండి తోలేది అతనే. అతని పక్కన ముందు సీటు నాది. అక్కడ కూర్చుని వెనక్కి తిరిగి దారి పొడవునా ఊళ్ల గురించి చెప్పడం నాకు ఇష్టం. నేను ఎక్కబోతుంటే మునెమ్మ, “నాకు బండి పడదు టీచరమ్మా. ఎనకాల కూసుంటే కడుపులో తిప్పుతాది” అంది. నేను ఇంకా ఇంగ్లీషులోకి మార్చకముందే టెస్సీ ఆమె ముఖం చూసి విషయం గ్రహించి, ముందు తలుపు తెరిచి ఎక్కించింది. నేను మూడో వరుసలో మందుల పెట్టె పక్కన కూర్చున్నాను.

నా పథకం ప్రకారం తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరాలి. మంచి రోడ్డు. చిత్తూరు నుంచి అన్నీ కలిపి నాలుగు గంటల లోపు పడుతుంది. ఆరున్నరకు తిరుపతి దాటుతుండగా మునెమ్మ, “మా ఇంటికాడ రొంతసేపు నిలిపి టిఫను తినిపోదాంమా. అత్తకు మా ఇల్లు సూపిస్తా” అంది. అది మన దారి కాదన్నాను. చెంగల్రాయుడు మధ్యలో కలగజేసుకుని, “వడమాలపేట మింద పోయినా పుత్తూరు, నాగలాపురం, సత్యవేడు దాటుకోని తడకు దిగొచ్చుమా. దూరం పెద్ద తేడా లేదు. రోడ్డు రొంత సన్నం, అంతే” అన్నాడు. టెస్సీ ఏమిటని అడిగింది. వద్దంటుందేమోనన్న ఆశతో ఉన్నదున్నట్టు చెప్పాను. వ్యానంతా చప్పట్లు కొట్టారు.

మునెమ్మ ఇల్లు వడమాలపేటలో హైవేకి కొంచెం లోపలగా, రేకుల కప్పుతో ఉంది. ఏడుంబావుకు చేరేసరికి ఆమె అత్తగారు పొయ్యి ముందు గుంట పొంగనాలు పోస్తోంది. కోడలు తెల్లవారకముందే ఫోను చేసి చెప్పేసిందట! అంటే, నన్ను అడగకముందే. ముసలమ్మ టెస్సీ గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, “ఫారిన్ వోళ్లని సెప్పినావే! ఈమె మన పక్కింటామె మాదిరే ఉండాదే” అంది. నేను ఇంగ్లీషులో చెప్పగానే మళ్లీ నవ్వులు. చాప మీద అందరం కూర్చున్నాం. పొంగనాలు, రోట్లో నూరిన శనక్కాయల పచ్చడి, మా వైపు ఊర్బిండి అంటాం. బృందంలోని పళ్ల డాక్టరు జోయెల్ పదహారు తిన్నాడు. నేను నాలుగు తిని గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. పక్షులను చూడాలంటే ఎండ ఎక్కకముందే చేరాలని రెండుసార్లు గుర్తుచేశాను. టెస్సీ ‘ఔనౌను’ అంది కానీ లేవలేదు. ముసలమ్మ మోకాళ్ల నొప్పులు చూస్తోంది.

అక్కడ కదిలేసరికి తొమ్మిదైంది. పుత్తూరు రాగానే మునెమ్మ కిటికీలోంచి చూపిస్తూ, “ఎముకలు ఇరిగినోళ్లు యాడాడ నుంచో వస్తారు ఈడికి. కట్టు కడతారు, శానా పేరు. అత్తా వాళ్లు డాక్టర్లు కదా, సూస్తారేమో అడుగు” అంది. నర్సులు అలాంటివి చూడటానికి చెవికోసుకుంటారని నాకు తెలుసు. “ఈ ఊళ్లో వైద్యం బాగుంటుందట” అని మాత్రం చెప్పాను. వాళ్లు తలలూపారు, వ్యాను సాగిపోయింది. సమయం మించిపోతోందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. ఆరేళ్ల దుబాసీ పనిలో తెలిసి తెలిసి ఒక మాటను కత్తిరించడం నాకు అదే మొదటిసారి, అది అంత తేలిగ్గా జరిగిపోవడం నాకే ఆశ్చర్యం వేసింది.

పదకొండు దాటాక సూళ్లూరుపేట చేరాం. అక్కడి నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. రెండు పక్కలా నీళ్లు, మధ్యలో తారు. అంతరిక్ష కేంద్రం తనిఖీ ద్వారం దాకా వెళ్లనిస్తారు, అక్కడ తిరుక్కోవాలి. ఆ దారిలోనే ఎడమవైపు ఫ్లెమింగోలు కనిపించాయి. ఎండకు నీళ్లు మెరుస్తుంటే, దూరంగా గులాబీ రంగు గీతలా వందలకొద్దీ నిలబడి ఉన్నాయి. అందరం దిగాం. నేను నోటుపుస్తకం తీసి మొదలుపెట్టాను. ఎక్కడి నుంచి వస్తాయి, ఏం తింటాయి, ఆ రంగు ఎలా వస్తుంది. నాలుగు వాక్యాలైనా కాలేదు, మునెమ్మ కొంగు నడుముకు దోపుకుని నా పక్కకు వచ్చి, “సూడు టీచరమ్మా, పట్టుకోకలు ఎక్కడ తడుస్తాయో అని కుచ్చిళ్లు ఎత్తుకోని ఏట్లో నిలబడిన పెండ్లోళ్ల మాదిరి లేరూ!” అంది.

నేను నోటుపుస్తకంలో తరువాతి వాక్యం వెతుక్కున్నాను. టెస్సీ “ఏమంది, ఏమంది?” అని అడిగింది. చెప్పాను. వాళ్లు మళ్లీ పక్షుల వైపు చూసి, ఒకరి భుజాల మీద ఒకరు వాలి నవ్వారు. కుర్ర నర్సు ఒకమ్మాయి ఆ మాటను తన డైరీలో రాసుకుంది. నేను చెప్పింది ఎవరూ రాసుకోలేదు.

ఆ రోడ్డు మీద నీడ లేదు, హోటలు లేదు. అందుకని వెనక్కి తిరిగి తడ దగ్గర పడవల రేవుకు వెళ్లాం. అక్కడ చెట్ల కింద ఒంటిగంటకు భోజనాలు. మునెమ్మ తెల్లవారుజామునే లేచి చిత్రాన్నం, మునగాకు తాలింపు, ఉడకబెట్టిన గుడ్లు సర్దుకొచ్చింది. అందరూ తింటుండగా టెస్సీ ప్లేటు పక్కన పెట్టి మునెమ్మ చెయ్యి అందుకుంది. నా వైపు తిరిగి, “ఇది జాగ్రత్తగా చెప్పు” అంది.

“మా ఊళ్లో చేపలు పట్టే కుటుంబాల పిల్లలకు మా చర్చి మధ్యాహ్నం భోజనం పెడుతుంది. డెబ్బై మంది పిల్లలు, చాలామందికి ఒంట్లో రక్తం లేదు. మునగచెట్లేమో ఊరంతా ఉన్నాయి. ఆమె మా దగ్గరికి వచ్చి రెండు నెలలు ఉండి, మా వంటవాళ్లకు ఈ వంటలు నేర్పాలి. మే నెలలో. టికెట్టు, ఖర్చులు, జీతం అన్నీ మావే. మా పెద్దలతో ఫోనులో మాట్లాడాను, ఒప్పుకున్నారు. వస్తుందేమో అడుగు.”

ఆరేళ్లుగా, వెళ్లేరోజు టెస్సీ నన్ను కావలించుకుని ‘నువ్వు మా దేశం రావాలి’ అనేది. నేను నవ్వి ‘దేవుడి చిత్తం’ అనేదాన్ని. ఆ మాట వెంట ఏనాడూ ఒక నెల పేరు రాలేదు, టికెట్టు మాట రాలేదు. నేను మాత్రం నాలుగేళ్ల కిందటే పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకున్నాను. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎనిమిది రోజుల పరిచయంతో మునెమ్మకు నెల పేరు, టికెట్టు, జీతం, పెద్దల ఒప్పుదల అన్నీ వచ్చేశాయి.

మునెమ్మ నా ముఖం చూస్తోంది. “ఏమంటా ఉండాది అత్త?”

“నీ వంట చాలా బాగుందట. నిన్ను ఎప్పటికీ మర్చిపోలేరట” అన్నాను.

“అయ్యో, దానికేముండాది! నాలుగు మెతుకులు వండి పెట్టినదానికి సెయ్యి పట్టుకోని సెప్పాల్నా? ఉండేది ఇంగ వారమే కదా, ఏమేం తినాలనుందో సెప్పమను. సేసి పెడతా.”

టెస్సీ ఆశగా చూసింది. “ఏమంది?”

“ఇంట్లో అత్తగారు పెద్దావిడ, ఆమెను వదిలి రాలేనంటోంది. చాలా సంతోషం, కానీ కుదరదట.”

నా నాలుక తడబడలేదు. మునెమ్మ నవ్వుతూ తల ఊపుతుండటంతో ఆ అబద్ధానికి ఆమె సాక్ష్యం కూడా దొరికినట్టయింది. టెస్సీ కాసేపు ఆమె చెయ్యి అలాగే పట్టుకుని, “పాపం, అడిగి ఇబ్బంది పెట్టాను” అని నెమ్మదిగా వదిలేసింది. మునెమ్మ ఇంకో గరిటె చిత్రాన్నం ఆమె ప్లేటులో వేసింది.

మూడు గంటలకు పడవ ఎక్కాం. గంటసేపు తిప్పారు, మనిషికి నూటయాభై తీసుకున్నారు. నీళ్లు లోతు లేక తెడ్డు అడుగున బురదకు తగులుతూ ఉంటుంది. ఈసారి ఫ్లెమింగోలు చాలా దగ్గరగా కనిపించాయి. మెడ వంచి ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి తినడం, ఒకటి లేస్తే గుంపంతా లేవడం, రెక్కల కింద దాచుకున్న ఎరుపు ఒక్కసారిగా విచ్చుకోవడం. డిసెంబరు నుంచి నేను ఎదురుచూసింది దీనికోసమే. టెస్సీ పక్కన కూర్చున్నది కూడా నేనే. కానీ ఆమె పక్షులను చూడటం లేదు. పడవ ఆ చివర గట్టిగా కర్ర పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్న మునెమ్మను చూస్తోంది. మునెమ్మేమో ఒడ్డుకు వచ్చాక నా చెవి దగ్గర, “అత్త ఏంటికి మొగం అట్లా పెట్టుకునింది? నేనేమన్నా తప్పు మాట్లాడినానా?” అని అడిగింది. ఎండ దెబ్బేమో అన్నాను. అది మూడో అబద్ధం.

తిరుగు ప్రయాణం హైవే మీదే. నాయుడుపేట దాటి, శ్రీకాళహస్తి ఇంకా కొద్ది దూరంలో ఉందనగా, ఐదున్నరకు చెంగల్రాయుడు ఒక టీ బంకు దగ్గర ఆపాడు. టెస్సీ, మునెమ్మ, నేను ఒకే బల్ల మీద కూర్చున్నాం. మునెమ్మ టీ ఊదుకుంటూ ఉన్నట్టుండి నాతో ఇలా అంది:

“టీచరమ్మా, అత్తకు ఒక మాట సెప్పు. నేను సెప్పినానని సెప్పు. నిన్ను ఒక తూరి వాళ్ల దేశానికి పిల్చుకోని పొమ్మను. వారం దినాలుగా సూస్తా ఉండా. పొద్దన లేస్తే సందేళ దాకా నోరెండిపోయేట్టు మాట్లాడతావు. మేమంతా కూలి తీసుకోని సేస్తాము, నువ్వు ఊరికే సేస్తా ఉండావు. నీకు ఎవురైనా ఏమన్నా సేసినారా? ఈ మాట నీకు నువ్వు సెప్పుకోలేవని నేను సెప్తా ఉండా.”

టెస్సీ ఎప్పటిలాగే నా వైపు తిరిగింది. “ఏమంటోంది?”

ఎన్నో వందలమంది రోగుల మాటలు, పాస్టర్ల ప్రసంగాలు, ఒకసారి ఒక తండ్రి ఏడుపు కూడా నా నోటి మీదుగా వెళ్లాయి. ఈ మాట వెళ్లలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాను. నాకు ఒంట్లో బాగాలేదనుకుని టెస్సీ నా నాడి పట్టుకోబోయింది. అప్పుడు చెప్పాను. మునెమ్మ ఇప్పుడేమందో చెప్పి, మధ్యాహ్నం ఆమె ఏమనలేదో కూడా చెప్పాను. మొదట ఇంగ్లీషులో, తరువాత తెలుగులో. తెలుగులో చెప్పడమే ఎక్కువ కష్టమైంది. ఎందుకు చేశావని ఇద్దరూ అడగలేదు, అయినా అదీ చెప్పాను.

మునెమ్మ టీ కింద పారబోసింది. “నన్ను అడక్కుండానే నా మాట సెప్పేసినావా? మా అత్తను కూడా నడమ అడ్డం పెట్టినావే! ఆమె పొద్దన నీకు పొంగనాలు పెట్టిందే!” అంది. ఇంకేమీ అనకుండా వెళ్లి వ్యానులో అన్నిటికంటే వెనక సీటులో కూర్చుంది. టెస్సీ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

తిరుపతి చేరేలోపు మునెమ్మ కోసం రెండుసార్లు బండి ఆపాల్సి వచ్చింది. రెండుసార్లూ రోడ్డు పక్కన కూర్చుని కక్కుకుంది. నేను నీళ్ల సీసా తీసుకుని దిగితే చెయ్యి అడ్డం పెట్టి, చెంగల్రాయుడు ఇచ్చిన నీళ్లు తాగింది. ముందు సీటు ఖాళీగానే ఉంది. ఎవరూ కూర్చోలేదు. అతను బండి ఎక్కుతూ నాకు మాత్రమే వినిపించేట్టు, “ఏమి టీచరమ్మా, ఇట్ల సేస్తివే” అన్నాడు.

ఆ రాత్రి తిరుపతిలో ఒక లాడ్జిలో దిగాం. ఆదివారం ఉదయం అక్కడే చర్చిలో ఆరాధనకు వెళ్లాం. మునెమ్మ గంగమ్మ గుడికి వెళ్లొచ్చి, కుంకుమ బొట్టుతో లాడ్జి గుమ్మంలో మా కోసం నిలబడి ఉంది. చిత్తూరుకు తిరిగి వెళ్లే దారిలోనే చంద్రగిరి కోట వస్తుంది. తిరుపతి నుంచి అరగంట ప్రయాణం. శుక్రవారం సెలవు. విదేశీయులకు టికెట్టు ధర చాలా ఎక్కువ, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకుంటే మంచిది. మిగతావాళ్లు మహల్ లోపల మ్యూజియం చూడటానికి వెళ్లారు. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. వెనక నుంచి మునెమ్మ గొంతు వినిపించింది.

“టీచరమ్మా, ఇట్లా రా. అత్తను కూడా పిలువు. నేను సెప్పేది ఒక్క ముక్క పోకుండా సెప్పల్ల. నిన్ను తిట్టినా సెప్పల్ల.”

టెస్సీ వచ్చింది. ముగ్గురం ఆ మెట్ల మీదే కూర్చున్నాం.

“ఈ మనిషికి నా మింద కుళ్లు. సదువుకున్నది, కారులో తిరిగే మనుషులతో మాట్లాడేది, వంటమనిషిని సూసి కుళ్లుకునింది. సెప్పు.”

చెప్పాను. ఇంగ్లీషులో నేను వాడిన మాట చాలా చిన్నది. మునెమ్మ వెంటనే పట్టేసింది. “అంత సెప్తే ఇంతేనా వచ్చేది? మళ్లా సెప్పు.” రెండోసారి అంతా చెప్పాను, కుళ్లుతో సహా. టెస్సీ పెదవి బిగపట్టుకుని వింది. అది కోపమో, నవ్వాపుకోవడమో నాకు తెలియలేదు.

“ఇంగ అడుగు. ఆడ కరివేపాకు దొరుకుతాదా? గ్యాసా, కట్టెల పొయ్యా? నేను నా గంగమ్మకు దండం పెట్టుకుంటా. అందుకు ఎవురన్నా ఏమన్నా అంటారా?”

టెస్సీ అంది: “కరివేపాకు తెలియదు, వెతుకుతాం. గ్యాసే. మేం పిలిచింది వంటకు. ఆమె దండం ఆమెది.”

“అట్లయితే వస్తా. రెండు నెలలు కాదు, ఒక నెల. మేలో కుదరదు, తిరపతిలో గంగజాతర అయినాకనే. మా అత్తను మా ఆడబిడ్డ సూసుకుంటాది, అది నేను మాట్లాడుకుంటా. జీతం ఎంతో కాయితం మింద రాసియ్యమను. తెలుగులో. ఈ టీచరమ్మ రాయగూడదు.”

అదీ చెప్పాను. టెస్సీ ఈసారి నిజంగానే నవ్వింది. మునెమ్మ నవ్వలేదు. లేచి చీర దులుపుకుని మహల్ చూడటానికి వెళ్లిపోయింది.

వ్యాను దగ్గరికి నడుస్తున్నప్పుడు టెస్సీ నాతో మాట్లాడింది. “ప్రతి ఏడూ నిన్ను రమ్మన్నాను. నువ్వు ప్రతిసారీ నవ్వి దేవుడి మీదికి తోసేశావు. నీకు ఇష్టం లేదనుకున్నాను.” ఎదుటివాళ్ల ప్రతి మాటా విని ఇంకో భాషలోకి తిప్పే నేను, నాతో అన్న మాటను మర్యాద కోసం అన్నదిగా తీసుకుని ఆరేళ్లు లోలోపల నొచ్చుకున్నానన్నమాట. ఇప్పుడైనా మళ్లీ పిలుస్తుందేమోనని మనసు ఎదురుచూసింది. టెస్సీ అంది: “ఈసారి నిన్ను పిలవలేను. అంత పెద్ద మనసు నాకింకా రాలేదు. రేపు శిబిరానికి రా. చెప్పలేని మాట వస్తే చెప్పలేనని చెప్పు. ఇంకేమీ చెయ్యకు.”

సోమవారం వెళ్లాను. ఆ వారమంతా ఆమె వాక్యం పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడే మొదలుపెట్టాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మునెమ్మ ఆధార్ కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. “పాసుపోర్టు ఫారం నింపు. పక్కనే కూసుంటా. ఏం రాస్తా ఉండావో సదివి వినిపిస్తా రాయి” అంది. అలాగే చేశాను. తిరుపతిలో పాస్‌పోర్టు ఆఫీసుకు కూడా తోడు వెళ్లాను. కౌంటరులో మాత్రం నన్ను నోరు తెరవనివ్వలేదు. జూన్‌లో చెంగల్రాయుడి వ్యానులోనే చెన్నై విమానాశ్రయానికి దిగబెట్టాం. ఆమె ముందు సీటులో, నేను వెనక. లోపలికి వెళ్లేముందు నా చేతిలో మునగాకు పొడి డబ్బా పెట్టి, “తిను. ఎండిపోయినావు” అంది. క్షమించానని అనలేదు, నేను అడగలేదు.

పది రోజులకు ఫోనులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. “టీచరమ్మా, ఈడ మునగాకు కోసేదానికి నిచ్చెన కూడా అక్కర్లా. పిల్లోళ్లు తింటా ఉండారు. కరివేపాకే లేదు.” వెనక ఎవరో ఏదో అన్నారు. టెస్సీ గొంతు. మునెమ్మ మళ్లీ మాట్లాడింది: “అత్త నిన్ను అడగతా ఉండాది. ఒళ్లు బాగుండాదా అంట. ఈడ నాలుగు ఇంగ్లీసు ముక్కలు నేర్చినాలే. వచ్చే జనవరికి సెలవులు దాచిపెట్టుకోమనింది. అంతే అనింది, నేను ఒక్క ముక్క కూడా కలపలా.”

అసూయ పోయిందా అంటే, లేదు. పిల్లలందరూ ఆమె చుట్టూ మూగిన ఫోటో వచ్చినప్పుడు కడుపులో అదే మంట లేచింది. ఆ ఫోటోలో నేను ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మంట మంచిది కాదని చిన్నప్పటి నుంచి ఆదివారం బడిలో చెబుతూనే ఉన్నారు, నేను కూడా పిల్లలకు చెప్పాను. అది పోవడం నా చేతుల్లో ఉన్నట్టు లేదు. దానికి నా నోరు అప్పగించకుండా ఉండటం మాత్రం నా చేతుల్లోనే ఉంది. ఆ ఫోటోకు “బాగున్నావు అక్కా” అని జవాబు రాశాను. రాయడానికి చాలాసేపు పట్టింది, కానీ రాసింది నిజమే.

ఈ దారిలో వెళ్లాలనుకునేవారికి ఒక్క సలహా. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లండి. సూళ్లూరుపేటలోనే టిఫిను, బాత్రూము పనులు ముగించుకుని, తాగేనీళ్లు నింపుకుని, ఎనిమిదిలోపు సరస్సు రోడ్డెక్కండి. ఆ తరువాత తనిఖీ ద్వారం దాకా ఒక్క కొట్టు కూడా లేదు, తొమ్మిది దాటితే నీళ్ల మీద ఎండ కళ్లలో కొట్టి పక్షులు సరిగా కనబడవు.